చెప్పకుండా చేసిన మేలు

మనిషికి మేలు చేసేటప్పుడు అతనికి అన్నీ చెప్పి చెయ్యాలా, చెప్పకపోయినా ఫరవాలేదా? ప్రశ్న పాతదే. ప్రభువులూ, మతాచార్యులూ, ఊరి పెద్దమనుషులూ దీనికి ఎప్పుడూ ఒకే జవాబు చెపుతూ వచ్చారు: మేలే చేస్తున్నాం గదా, చెప్పవలసిన అవసరమేముంది? అని. రాజకీయాలలో ఆ జవాబును మనం అంగీకరించలేదు. ప్రజలకు తెలియకుండా ప్రజలకు మేలు చేస్తామనేవాడు నియంత అవుతాడని మనకు తెలుసు. కాని ఆసుపత్రి గుమ్మం దాటేసరికి మనలో చాలామంది అదే జవాబును తల వంచి స్వీకరిస్తున్నారు. ప్రాణం పోసేవాణ్ణి ప్రశ్నించటం కృతఘ్నత అనిపిస్తుంది.

ఈ ప్రశ్నను ఊరికే నీతిసూత్రాల స్థాయిలో చర్చిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎవరికీ ప్రయోజనమూ ఉండదు. అందుచేత ఒక నిర్దిష్టమైన విషయాన్ని తీసుకుంటాను. పొత్తికడుపు కింది భాగానికి రేడియేషన్ చికిత్స – మన జనం మాటల్లో ‘కరెంటు పెట్టటం’ – చేసినప్పుడు మగవాడి సంతానశక్తికి కలిగే నష్టం ఆ విషయం. ఇది వైద్యుల వ్యవహారమే గాని సాహిత్య పత్రిక చర్చించవలసింది కాదని ఎవరైనా అనవచ్చు. ఎంత కిరణం పెట్టాలి అనేది వైద్యుల వ్యవహారం. ఆ సంగతి ఎవరికి చెప్పాలి, ఎవరికి అక్కర్లేదు అనేది మాత్రం సమాజ వ్యవహారం.

ముందు విషయం తెలుసుకుందాం. పెద్దపేగు చివర ఉండే పురీషనాళంలో కేన్సరు వచ్చినవారికి శస్త్రచికిత్సకు ముందుగాని తరువాతగాని కిరణ చికిత్స చేస్తారు. ఇది ముసలివాళ్ళ జబ్బు అని పుస్తకాలలో ఉన్నా, మనదేశంలో నలభై యేళ్ళు నిండనివారిలో కూడా తరచుగా కనిపిస్తున్నదని వైద్యులు చెపుతున్నారు. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలపాటు, రోజుకు కొద్దికొద్దిగా, మొత్తం 45 నుంచి 50 గ్రేల మోతాదు ఇస్తారు. గ్రే అనేది శరీరం పీల్చుకున్న కిరణశక్తికి కొలత. పూర్వం రాడ్ అనే కొలత వాడేవారు. నూరు రాడ్లు ఒక గ్రే. యంత్రం కిరణాలను కేన్సరు ఉన్న చోటికే గురిపెడుతుంది. వృషణాలు ఆ గురిలో ఉండవు. కాని కిరణం గుండురాయిలాగా తగిలిన చోటనే ఆగిపోయేది కాదు. శరీరం లోపల చెల్లాచెదరై చుట్టుపక్కలకు పాకుతుంది. గడ్డ ఎంత కిందికి ఉంటే వృషణాలకు చేరే భాగం అంత ఎక్కువ. చేరేది అసలు మోతాదులో నూటికి కొద్ది పాళ్ళే. 50 గ్రేలలో నూటికి ఐదు పాళ్ళు చేరినా రెండున్నర గ్రేలు అవుతుంది.

రెండున్నర గ్రేలంటే తక్కువేనా? చర్మానికి తక్కువే. ఎముకకు తక్కువే. కాని శుక్రకణాలను పుట్టించే మూలకణాలు మనిషి శరీరంలో కిరణాలకు అతి సులువుగా దెబ్బతినే కణాలలో చేరినవి. పదోవంతు గ్రే దాటితేనే శుక్రకణాల సంఖ్య తగ్గటం మొదలవుతుంది. ఒక గ్రే తగిలితే కొంతకాలం శుక్రకణాలు పూర్తిగా లేకుండా పోవచ్చు. తిరిగి రావటానికి ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది. రెండు, మూడు గ్రేలకు రెండున్నర సంవత్సరాల దాకా పట్టవచ్చు. నాలుగు దాటితే ఐదేళ్ళో, అంతకు మించో. ఆరు దాటితే చాలామందిలో అవి తిరిగి రానేరావు. ఇందులో ఒక విపరీతం ఉన్నది. ఒకే మోతాదును కొద్దికొద్దిగా విడగొట్టి ఇస్తే శరీరంలోని తక్కిన భాగాలు తేరుకుంటాయి. వృషణాలకు మాత్రం అట్లా విడగొట్టటమే ఎక్కువ హాని చేస్తుంది. చికిత్స పద్ధతి దేహానికంతటికీ దయ చూపి, ఇక్కడ మాత్రం కఠినమవుతున్నదన్నమాట.

శుక్రకణం తయారు కావటానికి రెండు నెలల పైన, సుమారు 74 రోజులు పడుతుంది. కాబట్టి నష్టం చికిత్స మొదలైన నాడే బయటపడదు. చికిత్స జరిగే నెలల్లోనూ, అది ముగిసిన తొలి నెలల్లోనూ ఉండే కణాలు సజీవంగానే ఉన్నా, వాటిలోని వంశబీజ పదార్థం దెబ్బతిని ఉండవచ్చు. అందుకే చికిత్స కాలంలోనూ, ఆ తరువాత కనీసం ఆరు నెలలు, కొందరు వైద్యుల సలహా ప్రకారం ఏడాది, రెండేళ్ళు బిడ్డను కనకుండా జాగ్రత్తపడమంటారు. ఇక మగతనానికి సంబంధించిన హార్మోనును తయారుచేసే కణాలు వేరే ఉన్నాయి. అవి చాలా మొండివి. పెద్దవాళ్ళలో ఇరవై గ్రేల దాకా తట్టుకోగలవు. కటి ప్రాంతంలోని నరాలూ రక్తనాళాలూ దెబ్బతిన్నప్పుడు అంగస్తంభన తగ్గవచ్చు. అది వేరే నష్టం. దాంపత్య జీవితం ఎప్పటిలాగా సాగుతూ ఉండగానే సంతానశక్తి పోయి ఉండవచ్చు. సంతానశక్తి నిలిచి ఉండగానే దాంపత్యం కష్టం కావచ్చు. ఈ తేడా రోగికి ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి. తనంతట తాను ఊహించుకోగలిగేది కాదు.

నివారణ ఉన్నదా అంటే ఉన్నది. సీసపు తొడుగుతో వృషణాలకు చేరే కిరణాన్ని కొంత తగ్గించవచ్చు. కొత్త యంత్రాలతో గురిని సవరించి మరికొంత తగ్గించవచ్చు. అన్నిటికన్నా నమ్మకమైనది, చికిత్సకు ముందే వీర్యాన్ని తీసి గడ్డకట్టించి దాచటం. గడ్డకట్టించిన వీర్యంతో గర్భం నిలుస్తుందని అమెరికా శాస్త్రజ్ఞులు 1953లోనే ప్రకటించారు. ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకు దిగువ 196 డిగ్రీల చలిలో, అది సంవత్సరాల తరబడి నిలిచి ఉంటుంది. 1992లో బ్రస్సెల్స్ నగరంలోని వైద్యులు ఒకే ఒక శుక్రకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించి బిడ్డలను పుట్టించగలిగారు. అప్పటినుంచి దాచిన వీర్యం కొద్దిపాటిదైనా పనికివస్తున్నది. రోగి వైపునుంచి కావలసింది ఒకటి రెండు రోజుల వ్యవధి. అందుకోసం కేన్సరు చికిత్స వాయిదా పడనక్కరలేదు. అమెరికా కేన్సరు వైద్యుల సంఘం 2006లోనే ఈ సంగతి ప్రతి రోగితోనూ వీలైనంత త్వరగా మాట్లాడాలని మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది.

ఒకటి రెండు రోజుల పని, ఒక్క మాట ఖర్చు. ఆ ఒక్క మాట దగ్గరే మన కథ ఆగిపోతున్నది. నాకు తెలిసిన ఒక కాంట్రాక్టు అధ్యాపకుడు ఇరవయ్యెనిమిదో యేట ఈ చికిత్స చేయించుకొని బతికాడు. బతికించినందుకు వైద్యులకు అతను ఈనాటికీ చేతులెత్తి దండం పెడతాడు. మూడేళ్ళకు పెళ్ళి చేసుకున్నాడు. ఆ తరువాత రెండేళ్ళపాటు భార్యను గుళ్ళకూ, నాటువైద్యులకూ, పరీక్షలకూ తిప్పారు. చివరికొక వైద్యురాలు అతనికి పరీక్ష చేయించి, పాత కాగితాలు చూసి, ఇది మీకు ముందే తెలుసు గదా అన్నది. అతనికి తెలియదు. అతని సంతకంతో ఉన్న అంగీకార పత్రంలో ఒక ఇంగ్లీషు వాక్యం మాత్రం ఉన్నది. అతను సంతకం పెట్టిన రోజున ఆ వాక్యాన్ని ఎవరూ చదివి వినిపించలేదు.

ఇది ఒక ఆసుపత్రి నిర్లక్ష్యమైతే ఇంత దూరం వ్రాయనక్కరలేదు. నా ప్రశ్న వేరు. ఆ అధ్యాపకుడికి చెప్పకుండా ఉండిపోయిన జ్ఞానం ఎక్కడినుంచి వచ్చింది? ఎవరి శరీరాలనుంచి వచ్చింది?

రాంట్జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టింది 1895లో. ఎనిమిదేళ్ళు తిరగకుండానే, 1903లో, హాంబర్గ్ వైద్యుడు ఆల్బర్స్ షోన్‌బర్గ్ ఆ కిరణాలు తగిలిన మగ కుందేళ్ళు, గినీపందులు సంతానశక్తి కోల్పోతున్నాయని నిరూపించాడు. 1906లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు బెర్గోనియే, ట్రిబాండో ఎలుకల వృషణాలమీద పరిశోధించి, ఎంత చురుకుగా విభజన చెందే కణమైతే అంత త్వరగా కిరణాలకు దెబ్బతింటుందనే సూత్రాన్ని చెప్పారు. కేన్సరుకు కిరణ చికిత్స పనిచెయ్యటానికి ఆధారం కూడా ఆ సూత్రమే. అంటే కేన్సరును చంపే గుణమూ, శుక్రకణాన్ని చంపే గుణమూ ఒకే సూత్రంలో, ఒకే ప్రయోగశాలలో బయటపడ్డాయి. ఒకటి తెలిసి రెండవది తెలియని కాలం కిరణ వైద్య చరిత్రలో లేదని చెప్పవచ్చు.

కుందేళ్ళ తరువాత మనుషుల వంతు వచ్చింది. హిట్లరు కార్యాలయపు అధికారి విక్టర్ బ్రాక్ 1941లో హిమ్లరుకు ఒక పథకం పంపాడు. మనుషులను ఒక బల్ల ముందు నిలబెట్టి, ఏవో కాగితాలు నింపమని రెండు మూడు నిమిషాలు ఆపితే చాలు; బల్ల వెనుక దాచిన యంత్రం వారికి తెలియకుండానే వారిని నిస్సంతులను చేస్తుంది. ఆ తరువాత ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో హార్స్ట్ షూమాన్ అనే వైద్యుడు యూదు స్త్రీపురుషులమీద ఎక్స్‌రేలతో ఈ ప్రయోగాలు చేశాడు. నూరెంబర్గ్ న్యాయస్థానం బ్రాక్‌కు మరణశిక్ష విధించింది. మనిషిమీద జరిగే ఏ ప్రయోగానికైనా, తెలిసి ఇచ్చిన స్వచ్ఛంద అంగీకారం మొదటి షరతు అని 1947లో అదే న్యాయస్థానం ప్రకటించింది.

ఆ ప్రకటన చేసినవారు అమెరికా న్యాయమూర్తులు. పదహారేళ్ళు తిరిగేసరికి, 1963లో, ఆ అమెరికాలోనే ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల జైళ్ళలో ఖైదీల వృషణాలమీద కిరణాలు ప్రసరింపజేసే ప్రయోగాలు మొదలైనాయి. డబ్బు ఇచ్చింది ఆ దేశపు అణుశక్తి సంస్థ. అణు కర్మాగారాలలో పనిచేసేవారికీ, అంతరిక్షయాత్రికులకూ ఎంత మోతాదు తగిలితే ఏమవుతుందో వారికి తెలియాలి. రెండు జైళ్ళలో కలిపి 131 మంది ఖైదీలు. మోతాదులు పది రాడ్లలోపునుంచి, ఓరెగాన్‌లో 600 రాడ్లదాకా వెళ్ళినాయి. ఖైదీలు సంతకాలు పెట్టారు. వారికి పైకం ఇచ్చారు. జైలు కూలితో పోలిస్తే అది పెద్ద మొత్తమే. చివర వాసెక్టమీ చేయించుకోవటానికి కూడా ఒప్పుకోవాలి. ఓరెగాన్ ప్రయోగాలు చేసిన శాస్త్రజ్ఞుడు తరువాత ఇచ్చిన సాక్ష్యంలో, ఖైదీలను భయపెట్టటం ఇష్టంలేక కేన్సరు అనే మాటకు బదులు గడ్డలు అనే మాట వాడేవాణ్ణన్నాడు. 1976లో కొందరు ఖైదీలు దావా వేస్తే 1979లో రాజీ కుదిరింది. తొమ్మిదిమందికీ కలిపి దక్కింది రెండువేల పైచిలుకు డాలర్లు. 1995లో అమెరికా ప్రభుత్వం నియమించిన సలహాసంఘం ఈ చరిత్రనంతా బయటపెట్టింది.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఇంత గ్రే తగిలితే ఇన్ని నెలలు అని పైన నేను వ్రాసిన లెక్కలకు ముఖ్యమైన ఆధారాలలో ఆ ఖైదీల శరీరాలు ఒకటి. ఈ వ్యాసం వ్రాస్తున్న నేను కూడా ఆ జ్ఞానాన్నే వాడుకున్నాను. అట్లా సంపాదించిన జ్ఞానాన్ని పారవెయ్యాలని నేననను. పారవేస్తే వారు పడిన బాధ వ్యర్థం కావటం తప్ప ఒరిగేదేమీ లేదు. కాని దానిమీద ఒక బాకీ ఉన్నది. నోరులేనివారి శరీరాలనుంచి తీసుకున్న జ్ఞానాన్ని, మరొక నోరులేనివాడి దగ్గర దాచిపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఖైదీకి ‘భయపెట్టటం ఇష్టంలేక’ చెప్పలేదు. రోగికి ‘బెంగపెట్టటం ఇష్టంలేక’ చెప్పటం లేదు. మన వైద్యులను ఆ జైళ్ళ శాస్త్రజ్ఞులతోనో, అంతకన్నా నీచులతోనో పోల్చటం నా ఉద్దేశం కాదు. మన వైద్యుడు ప్రాణం కాపాడటానికి కిరణం పెడుతున్నాడు, ఆ తేడా చిన్నది కాదు. అయితే ఉద్దేశాలు ఎంత వేరైనా, ఎదుటివాడికి తెలియనక్కరలేదు అనే భావన మాత్రం రెండు చోట్లా ఉన్నది. దాన్నే నేను పట్టిచూపుతున్నాను.

మన చట్టం ఏమంటుంది? 2008 జనవరిలో సుప్రీంకోర్టు, తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా చికిత్స చెయ్యకూడదని తీర్పు చెప్పింది. అది కూడా సంతానానికి సంబంధించిన కేసే. ఒక స్త్రీకి పరీక్ష పేరుతో మత్తిచ్చి, ఆమె అనుమతి లేకుండా గర్భసంచిని, అండాశయాలను తొలగించారు. తీర్పు మంచిదే. కాని ఎంత చెపితే చెప్పినట్టు అనే దగ్గర న్యాయస్థానం, అమెరికాలోలాగా రోగికి కావలసినదంతా చెప్పాలనే కొలతను తీసుకోలేదు. తగినంత చెపితే చాలునన్నది. అందుకు చూపిన కారణాలలో ఒకటి మన పేదరికం. మెజారిటీ రోగులు పేదలు, చదువురానివారు, దొరికిన వైద్యమే వారికి వరం, డాక్టర్లమీద పని భారం విపరీతం అని న్యాయమూర్తులు వర్ణించారు. వర్ణన నిజమే, సానుభూతితో చేసినదే. కాని దాన్నుంచి తేలిన ఫలితమేమిటి? పేదవాడు కాబట్టి తక్కువ చెప్పినా సరిపోతుంది. నాకైతే దీనికి సరిగ్గా ఎదురు నిర్ణయం న్యాయమనిపిస్తుంది. చదువుకున్నవాడు ఇంటికి వెళ్ళి పుస్తకం చూసుకోగలడు, మరొక డాక్టరును అడగగలడు. చదువులేనివాడికి ఆ గదిలో విన్నదే జ్ఞానం. కాబట్టి అతనికే ఎక్కువ చెప్పాలి.

ఇక అభ్యంతరాలు చూద్దాం. ముందు ప్రాణం, తరువాతే పిల్లలు అంటారు. నిజమే, ఎవరూ కాదనలేదు. కాని ఇది ప్రాణానికీ సంతానానికీ పోటీ కాదు. రెండు రోజుల్లో రెండూ కుదిరేచోట పోటీ ఉన్నట్టు నటించటం తర్కం కాదు. చెపితే భయపడి చికిత్స మానుకుంటాడు అంటారు. మనిషిని నమ్మనివాడు ప్రతి నిరంకుశత్వానికీ చెప్పిన సాకు ఇదే. పొలం అమ్మి, ఐదువారాలు పట్నంలో సత్రంలో పడుకుని వైద్యం చేయించుకునే ధైర్యం ఉన్న మనిషి, ఒక వాక్యం వినగానే పారిపోతాడని ఎందుకనుకోవాలి? ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నారు గదా అంటారు. ఉండవచ్చు. అయినా బిడ్డను కనకుండా జాగ్రత్తపడవలసిన కాలం గురించి అతనికీ, అతని భార్యకూ తెలియనక్కరలేదా?

తెలియకపోవటంవల్ల కలిగే నష్టం మగవాడితో ఆగదు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఒక మాట గమనించాను. పిల్లలు లేని స్త్రీకి మన భాషలో గొడ్రాలు అనే మాట సిద్ధంగా ఉన్నది. శుభకార్యంలో ఎదురు రాకూడదనే ఆచారం కూడా ఆ మాట వెంటే ఉన్నది. మగవాడికి అదే అర్థంలో వాడుక మాట లేదు. ఉన్న తిట్లన్నీ మగతనం లేదనేవే. సంతానశక్తి లేకపోవటాన్నీ, మగతనం లేకపోవటాన్నీ అవి కలిపేస్తాయి. ఆ తిట్టుకు భయపడి మగవాడు పరీక్షకు వెళ్ళడు. వెళ్ళడు కాబట్టి నింద భార్యమీద పడుతుంది. భారతంలో పాండురాజు తన అశక్తతను తానే నోరు విప్పి కుంతికి చెప్పుకున్నాడు; ఏం చెయ్యాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. నన్నయ కాలంనుంచి ఆ కథను చదువుకుంటున్న జాతికి, భార్యాభర్తలు ఈ విషయం మాట్లాడుకోవటం కొత్త కాదు. కాని మాట్లాడుకోవటానికి ముందు అతనికి తెలియాలి గదా!

రెండో వైపునుంచి కూడా ప్రమాదం ఉన్నది. డాక్టరు చెప్పని చోట ఊరు చెపుతుంది. కరెంటు పెట్టించుకున్నవాడికి ఇక పిల్లలు పుట్టరని ఎవరో అంటారు. అతను నమ్ముతాడు. శుక్రకణాలు మూడో యేటనో నాలుగో యేటనో తిరిగి రావచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు. భార్య గర్భవతి అవుతుంది. ఆ యింట్లో ఏం జరుగుతుందో పాఠకులు ఊహించుకోవచ్చు. లేకపోతే, పుట్టే బిడ్డ అవిటిదవుతుందని భయపడి గర్భం తీయిస్తారు. కిరణాలవల్ల ఈగలలో వంశపారంపర్యమైన మార్పులు వస్తాయని ముల్లర్ 1927లో నిరూపించిన మాట నిజమే. కాని హిరోషిమా, నాగసాకి బాంబులనుంచి బయటపడినవారికి ఆ తరువాత పుట్టిన పిల్లలను దశాబ్దాలపాటు పరిశీలించినా అట్లాంటి రోగాలు పెరిగినట్టు కనపడలేదు. చెప్పిన గడువు దాటిన తరువాత కలిగిన గర్భానికి హడలిపోనక్కరలేదు. ఒక్క వాక్యం చెప్పకపోవటంవల్ల అనుమానమూ, భయమూ ఇట్లా స్త్రీ శరీరంమీదనే పడుతున్నాయి.

ఇప్పుడు మనవాళ్ళ అభ్యంతరానికి వస్తాను. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది ఇదే. సొంత రక్తం, సొంత వంశం అనే యావ భూస్వామ్య సమాజపు అవశేషం గదా, అభ్యుదయవాదులు దాన్ని సమర్థించటమేమిటి? అనాథలు ఇంతమంది ఉండగా వీర్యాన్ని దాచుకోవటమెందుకు? ఎంగెల్స్ 1884లో కుటుంబం పుట్టుక గురించి వ్రాసిన గ్రంథంలో, ఆస్తికి నిస్సందేహమైన వారసుణ్ణి సంపాదించటం కోసమే పురుషుడు స్త్రీని ఏకపతీవ్రతంలో బంధించాడని చూపాడు. ఆ విశ్లేషణను నేను పూర్తిగా అంగీకరిస్తాను. దానికి తాజా ఉదాహరణ కూడా ఉన్నది. కేన్సరు మందులవల్ల సంతానశక్తి పోవచ్చునని తెలిసి, ఢిల్లీలో పెళ్ళికాని ఒక యువకుడు 2020లో వీర్యం దాచి, కొద్ది నెలలకే చనిపోయాడు. దాన్ని తమకు ఇప్పించమని తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళారు. 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు, వీర్యం కూడా ఆస్తి వంటిదేననీ, తల్లిదండ్రులు వారసులనీ నిర్ణయించి ఇప్పించింది. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖాన్ని తప్పుపట్టేటంత కఠినుణ్ణి కాను. కాని మనిషి దేహంలోని అంశ వారసత్వ చట్టం కిందికి వచ్చిందంటే, ఎంగెల్స్ చెప్పిన ముడి ఎంత బిగువుగా ఉన్నదో తెలుస్తున్నది.

అయినా ఈ విశ్లేషణనుంచి, రోగికి చెప్పనక్కరలేదనే నిర్ణయం రాదు. వంశవాంఛ తప్పని ఒక మనిషి తనకు తాను నిర్ణయించుకుంటే అది విముక్తి. అదే నిర్ణయం అతని తరఫున, అతనికి తెలియకుండా మరొకరు చేస్తే అది అపహరణ. పిల్లలు వద్దనుకునే హక్కు స్త్రీకి ఉండాలని మనం పోరాడాము. ఆ హక్కుకు మూలం పిల్లలు అక్కర్లేదనే సిద్ధాంతం కాదు, తన శరీరం గురించి తానే నిర్ణయించుకోవాలనే సిద్ధాంతం. అది రోగగ్రస్తుడైన కూలివాడికి వర్తించదా? అంతా తెలిసిన తరువాత అతను నాకు అక్కర్లేదు అనవచ్చు; దత్తత తీసుకుంటాను అనవచ్చు; పెళ్ళే వద్దనవచ్చు. దాచుకుంటాను అనవచ్చు. ఈ నాలుగింటిలో దేన్ని ఎన్నుకున్నా అతను స్వతంత్రుడే. ఏ ఎన్నికా ఉన్నట్టు తెలియనివాడు మాత్రమే బానిస. పైగా చెప్పకపోవటంవల్ల వంశవాంఛ తగ్గదు. రహస్యం, సిగ్గు, నింద అనే చీకట్లో అది మరింత పెరుగుతుంది.

ఈ చీకటికి వర్గస్వభావం కూడా ఉన్నది. డబ్బున్న యువకుడు కార్పొరేటు ఆసుపత్రిలో చేరితే, దాచే బ్యాంకు సంగతి చెప్పటానికి అక్కడ ఒక ఉద్యోగే ఉంటాడు; అది అమ్ముకునే సరుకు కాబట్టి. పేదవాడికి ఏడాదికి కొన్నివేల రూపాయలయ్యే ఆ ఖర్చు అందదని ముందే నిర్ణయించి, అసలు మాటే ఎత్తరు. 2018లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకం కేన్సరు చికిత్సకు డబ్బు ఇస్తానన్నది. సంతాన చికిత్సలను మాత్రం మినహాయింపుల జాబితాలో పెట్టింది. చికిత్సవల్ల కలిగే నష్టాన్ని నివారించటం చికిత్సలో భాగం కాదా? ఫ్రాన్సులో 1973నుంచి లాభాపేక్షలేని వీర్యనిధులు ప్రభుత్వ ఆసుపత్రులతో కలిసి పనిచేస్తున్నాయి. అక్కడ కేన్సరు రోగి దాచుకునే ఖర్చు సామాజిక బీమా మోస్తుంది. మన రాజ్యానికి మగవాడి సంతానశక్తి విషయంలో ఆసక్తి లేదనటానికి వీల్లేదు. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976–77 ఒక్క సంవత్సరంలోనే, మనదేశంలో 80 లక్షలకు పైగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు జరిగినాయి; వాటిలో ఎక్కువ భాగం మగవాళ్ళకే. ఆనాడు పేదవాడి ఇంటికి జీపులు వెళ్ళినాయి. తీసివెయ్యటానికి అంత శ్రద్ధ చూపిన రాజ్యం, కాపాడటానికి ఒక కాగితమైనా అచ్చు వెయ్యలేదా?

చెయ్యవలసిన పనులు పెద్దవి కావు. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. పిల్లలు పుట్టటానికి ఈ చికిత్స అడ్డు కావచ్చు, ముందే దాచుకునే వీలున్నది, ఇంతకాలం బిడ్డను కనవద్దు అనే మూడు వాక్యాలు, కూలివాడికి అర్థమయ్యే మాటల్లో, చదివి వినిపించాలి. ఆ మాట రోగితో ఒంటరిగా చెప్పాలి. ‘పేషెంటు తాలూకు ఎవరు?’ అని పిలిచి, తండ్రి ముందో అన్న ముందో చెపితే పెళ్ళికాని కుర్రవాడు తల వంచుకుని అక్కర్లేదంటాడు. అది అంగీకారమూ కాదు, నిరాకరణా కాదు. భార్య ఉంటే, రోగి ఇష్టంతో, ఆమెకూ చెప్పాలి. కిరణ చికిత్స ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికీ ఒక వీర్యనిధి అనుబంధంగా ఉండి, కేన్సరు రోగులకు ఉచితంగా పనిచెయ్యాలి. రోజుకు వందమందిని చూసే డాక్టరుకు ఇంత మాట్లాడే తీరిక ఎక్కడిదంటారు. అది నిజమైన ఇబ్బందే. అయితే అది డాక్టర్ల సంఖ్య పెంచమని కోరటానికి కారణం గాని, మాట మానెయ్యటానికి కారణం కాదు. శిక్షణ పొందిన నర్సు ఈ మూడు వాక్యాలు చెప్పగలదు.

రచయితలకూ అధ్యాపకులకూ ఇందులో పని ఉన్నది. ఆ మూడు వాక్యాలను సిగ్గు లేకుండా, వెకిలితనం లేకుండా, సంస్కృత సమాసాల చాటున దాక్కోకుండా చెప్పగల తెలుగు మనమింకా తయారుచెయ్యలేదు. డాక్టరు ఇంగ్లీషులోకి పారిపోవటానికి అది కూడా ఒక కారణం. జబ్బు పేరునూ, దేహభాగం పేరునూ, నష్టం పేరునూ మామూలు గొంతుతో పలికే భాష కావాలి. అది ఒక గదిలో కూర్చుని పారిభాషిక పదాలు కల్పించటంవల్ల రాదు. రోగుల దగ్గర కూర్చుని, వాళ్ళు ఏ మాట అంటే ఏమనుకుంటున్నారో విని, వ్రాసి, మళ్ళీ వాళ్ళకే చదివి వినిపిస్తే వస్తుంది. వైద్య కళాశాలల విద్యార్థులూ, తెలుగు శాఖల విద్యార్థులూ కలిసి ఒక సెలవు కాలంలో చెయ్యగల పని ఇది. మన సంఘశాఖలు దీన్ని చేపట్టాలని కోరుతున్నాను.